ఇండ్ల ధరలు పడవలెనని కోరువారికి

గత ఆదివారము మన సంఘపు మాసిక సమావేశమున, కార్యక్రమములో లేని విషయముపై రెండు గంటలు వాదము జరిగినది. జమాఖర్చుల పఠనము ముగిసి కాఫీ వచ్చులోపల ఒక యువకుడు లేచి, "ఒక్కసారి గట్టి మాంద్యము వచ్చిననే గాని ఈ బెంగళూరులో మావంటివారికి ఇల్లు దొరకదు, రానిండు, రెండేండ్లు కష్టపడుదుము" అనెను. ముందు వరుసలో నున్న పెద్దలొకరు, పేటలో రెండిండ్లు గలవారు, "నాయనా, నీకు ఇల్లు లేదని ఊరంతయు కాలిపోవలెనా?" అని లేచిరి. తరువాతి మాటలు ఇచట వ్రాయదగినవి కావు. ఇరువురును మనవారే. ఇరువురి తాతలును అనంతపురము వైపునుండి మూటాముల్లెతో వచ్చి ఈ పేటలోనే నిలదొక్కుకొనినవారే. ఒకరి తాత సైటు కొనెను, వేరొకరి తాత అద్దెకుండెను. భేదము అంతియే.

మా అభిప్రాయము చెప్పుటకు పూర్వము ఒక సంగతి విన్నవించుకొనవలసి యున్నది. మేము ఇనుపసామానుల వర్తకులము. ఇండ్ల కట్టడము తగ్గిన మా గల్లా తగ్గును. పాఠకులు దీనిని మనస్సున నుంచుకొనియే మా మాటలను తూచుదురు గాక.

యువకుని బాధ న్యాయమైనది. చిరునామా మార్పు కోరుచు మన పత్రికకు వచ్చు జాబులను చూచిన చాలును. చిక్కపేట, బళేపేటలలో మూడు తరములుగా నున్న కుటుంబములు నేడు హొసకోట, ఆనేకల్లు, నెలమంగళముల దారి పట్టుచున్నవి. అంత దూరమునుండి ఆదివారపు తెలుగు తరగతికి పిల్లను తీసికొనివచ్చు తల్లి ఎందరు? తరగతిలో చాపలు ఖాళీ యగుటకు మన భాషాభిమానము తగ్గుటయే కారణమని కొందరు నిందించుచున్నారు. ఇంటి అద్దె అంతకంటె పెద్ద కారణమని మా తలంపు. కనుక ధర పడునేమో యని కన్నీరు కార్చుటకు మేము సిద్ధముగా లేము. ఉన్న ఇల్లొక్కటే యైనవానికి దాని ధర రెట్టింపైనను కంచములో అన్నము పెరుగదు.

అయినను, కష్టకాలము వచ్చి ధర పడినచో ఆ ఇల్లు లేనివాని చేతికి వచ్చునా? ప్రశ్న అదియే.

2016 నవంబరు 8 రాత్రిని మన వర్తకులెవరును మరువలేదు. 500, 1000 రూపాయల నోట్లు రద్దయి, చలామణిలోని నగదు విలువలో నూటికి 86 వంతులు ఒక్క రాత్రిలో చెల్లని కాగితమయ్యెను. నాడును ఇదే వాదము వినబడినది. నల్లపైకము దాగునది ఇండ్లలోను సైటులలోను గనుక, అది పోయిన ధరలు కూలును, నెలజీతగాడు ఇల్లు కొనును, అందుకై కొన్ని నెలల కష్టము సహింపవచ్చునని. మేమును కొంత నమ్మితిమి. జరిగినది వేరు. శనివారపు బట్వాడాకు చిల్లర లేక మేస్త్రీలు చేతులెత్తివేసిరి. అనంతపురమునుండి, పాలమూరునుండి వచ్చి రేకుల షెడ్లలో కాపురముండి ఈ నగరపు మేడలు కట్టుచున్న మన భాషవారు రైళ్లెక్కి ఊళ్లకు మరలిరి. మా కొట్టులో కమ్మీలు తుప్పు పట్టినవి. ఇంటి యజమాని ధర దించలేదు, కొనువాడు రాలేదు, బేరము ఆగినది. రద్దయిన నోట్లలో నూటికి 99 వంతులకు పైగా తిరిగి వచ్చినవని రిజర్వు బ్యాంకు 2018లో తేల్చినది. షెడ్లలోని కూలీ తన వంతు కష్టమును పూర్తిగా చెల్లించెను. అతనికి ఏ ఇల్లును రాలేదు. ఇతరుల కష్టమును "మనము సహింతము" అని తీర్మానించుట సులభము. మన సమావేశమునకు ఆ షెడ్లనుండి ఎవరును రారు గదా.

ధరలు నిజముగా కూలిన దేశము అమెరికా. 2006 మొదలు 2012 వరకు అచట ఇండ్ల ధరలు సగటున నాలుగవ వంతునకు మించి పడినవి. లాస్ వేగాస్, ఫీనిక్స్ వంటి నగరములలో సగమునకు పైగా పడినవి. 2009 అక్టోబరు నాటికి నిరుద్యోగము నూటికి 10. ఇండ్లు చౌకయైనవి గనుక సొంత ఇంటివారు పెరిగియుండవలెను. తగ్గిరి! 2004లో నూటికి 69 కుటుంబములు సొంత ఇంట నుండగా 2016లో 63 మాత్రమే యుండెను. ఉద్యోగము పోయినవాడు ఉన్న ఇల్లు పోగొట్టుకొనెను. ఉద్యోగము నిలిచినవానికి బ్యాంకు అప్పు బిగించెను. రొక్కము గల కంపెనీలు వేలకొలది ఇండ్లు మూటగట్టి కొని, అద్దెకిచ్చినవి. అయితే ఉద్యోగము నిలుపుకొని, చేత పైకముండి, 2012 ప్రాంతమున కొన్నవారు బాగుపడిరి. ఆ మాట దాచరాదు. మన యువకుడు తాను ఆ కోవలోనివాడనని తలంచుచున్నాడు. అతని కంపెనీ ఏమి తలంచునో!

ఐర్లండు సంగతి మరొకటి. 2007 తరువాత అచట ధరలు దాదాపు సగమైనవి. 2006లో సుమారు 90 వేల ఇండ్లు కట్టిన ఆ దేశము 2013లో 10 వేలైనను కట్టలేదు. పని లేక యువకులు దేశాంతరము పోయిరి. కట్టడము ఆగినందున ధర మరల లేచి, 2022లో పాత శిఖరమును దాటెను.

ఇక మన లెక్క చూతము. 62 లక్షల 50 వేల ఇంటికి 50 లక్షలు అప్పు తెచ్చిన, నూటికి ఎనిమిదిన్నర వడ్డీపై 20 ఏండ్లకు నెలకు సుమారు 43,400 కట్టవలెను. ఆ ఇల్లు 50 లక్షలకు పడిన, 40 లక్షల అప్పుతో కంతు సుమారు 34,700. నెలకు 8,700 మిగులును. ఇది చిన్న మొత్తము కాదు. కాని ఆ ఇల్లు ఎవరిది? నిరుడు తన 12 లక్షల 50 వేలు పెట్టి కొన్న మరియొక యువకునిది. ధర పడినపుడు అతని సొంత సొమ్మంతయు కరగినది. అప్పు మాత్రము చెక్కుచెదరలేదు. మన సమావేశమున అట్టివారు కనీసము నలుగురుండిరి. వారు నోరు విప్పలేదు.

అంతకంటె మమ్ము కలవరపెట్టునది భోగ్యపు ఇండ్ల సంగతి. మనలో మధ్యతరగతివారు ఎందరో, నెలసరి అద్దె లేకుండ పది పదిహేను లక్షలు యజమాని చేతిలో పోసి, మూడేండ్ల తరువాత తిరిగి పుచ్చుకొను షరతుపై కాపురముండుచున్నారు. కూతురి పెండ్లి సొమ్ము, అమ్మిన నగల సొమ్ము ఆ భోగ్యములో నున్నది. యజమాని అదే ఇంటిపై బ్యాంకు అప్పు తెచ్చి, మాంద్యమున కంతులు తప్పినచో, 2002 నాటి చట్టము ప్రకారము బ్యాంకు 60 దినముల నోటీసు ఇచ్చి, తరువాత ఇంటిని స్వాధీనము చేసికొని వేలము వేయవచ్చును. ధర నిలిచియున్న కాలమున వేలములో అప్పు తీరి కొంత మిగులవచ్చును. ధర పడిన కాలమున మిగులునది సున్న. రిజిస్టరు కాని భోగ్యపత్రము పట్టుకొని కోర్టు మెట్లెక్కిన కుటుంబమునకు ఏమి దొరకును? ధరలు పడవలెనని చప్పట్లు కొట్టినవారిలో భోగ్యమున నున్నవారు ఇరువురు ముగ్గురుండుట మేము చూచితిమి.

ఇండ్ల యజమానులైన పెద్దలకును ఒక మాట. మాంద్యము వద్దనుట మీకు తగును. ధర ఎన్నడును దిగరాదనుట తగదు. ఊరిలో ఇండ్లు ఎక్కువై ధర నెమ్మదించుట వేరు, జనుల చేతిలో కూలి లేక ధర కూలుట వేరు. మొదటిదానికి మీరును సాయపడగలరు. కుమారులు విదేశములందుండగా తాళములు వేసిన పైమేడలు మన పేటలోనే ఎన్నియున్నవో లెక్కింపుడు. "అద్దెకిచ్చిన ఖాళీ చేయరు" అను భయము మాకును తెలియును. సంఘము మధ్యవర్తిగా నిలిచి, పదకొండు నెలల ఒప్పందము వ్రాయించి, పూచీ తీసికొనినచో మీరు తలుపులు తీయుదురా? కార్యవర్గము ఈ ప్రశ్నను ఇంటింటికి తీసికొనిపోవలెనని మా కోరిక.

భోగ్యమున నున్న సభ్యులు వచ్చు ఆదివారము తమ పత్రములను, ఇంటిపై గల ఋణభార పత్రమును, అనగా ఈ.సి.ని, తీసికొని సంఘ భవనమునకు రావలెను. ఈ.సి. లేనివారు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనుట మంచిది. మన సభ్యులైన వకీలు ఉదయము పది గంటలనుండి ఉచితముగా పరిశీలించుటకు సమ్మతించినారు. ఆనాడు వాదమునకు వేరుగా సమయము కేటాయింపబడును. కాఫీ మాత్రము ముందే ఇచ్చుటకు ఏర్పాటు చేయుచున్నాము.