మోగే ఫోను, అడగని సమ్మతి

తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తకండి అని పోలీసులు చెబుతున్నారు, బ్యాంకులు చెబుతున్నాయి, పత్రికలు చెబుతున్నాయి. వినడానికి బుద్ధిగా ఉన్న ఈ సలహాను ఎవరు పాటించగలరనే ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోవడం లేదు. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో ఇంటికొకరు కాకపోయినా వాడకొకరైనా గల్ఫ్‌లో ఉంటారు. భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న స్త్రీకి తెలియని నంబరంటే ఏమిటి? క్యాంపులో తోటివాడి ఫోను అడిగి తీసుకొని అతను చేసిన కాల్ కావచ్చు. పాత సిమ్ము పోయి కొత్తది తీసుకొని ఉండవచ్చు. అతనికేమైనా అయితే ఆ కబురు కూడా తెలియని నంబరు నుంచే వస్తుంది. పి.ఎఫ్. కాగితాల గురించి, బీడీ పింఛను గురించి, పిల్ల చదివే హాస్టల్ నుంచి వచ్చే ఫోన్లూ అంతే. ఫోను ఎత్తకుండా ఉండగలిగే వెసులుబాటు జీతం నెల మొదట్లో దానంతటదే ఖాతాలో పడేవాళ్లకు ఉంటుంది.

ఎత్తితే అవతల మనిషి ఉండడు. రికార్డు చేసిన గొంతు ఉంటుంది. లోను మంజూరైంది, ఒకటి నొక్కండి. హైదరాబాదు శివార్లలో ప్లాట్లున్నాయి, రెండు నొక్కండి. చాలాసార్లు అది హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుతుంది. బోధన్‌లో ఉర్దూ, మరాఠీ మాట్లాడే స్త్రీలకు ఆ హిందీ సగం అర్థమవుతుంది. సగం అర్థం కావడం అసలే అర్థం కాకపోవడం కంటే ప్రమాదకరం. వద్దనడానికి ఏ అంకె నొక్కాలో తెలియక ఏదో ఒకటి నొక్కితే, ఈ నంబరు వాడకంలోనే ఉంది, ఎత్తే మనిషి ఉంది అని అవతలివాళ్లకు రూఢి అవుతుంది. మర్నాటి నుంచి కాల్స్ పెరుగుతాయి.

దీన్ని చికాకు అని తీసిపారేస్తాం. ఇది శ్రమకు సంబంధించిన విషయం కూడా. బీడీలు చుట్టే స్త్రీకి కూలి వెయ్యికి ఇంత అని లెక్క. ఒళ్లో చాట, చేతిలో తునికాకు, వేళ్లకు తంబాకు. ఫోను మోగితే చేతిలో ఆకు పక్కన పెట్టాలి, వేళ్లు తుడుచుకోవాలి, లేవాలి, వినాలి, పెట్టేయాలి, మళ్లీ కూర్చొని చేతి వేగం అందుకోవాలి. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే పోయిన బీడీలు ఎవరి ఖాతాలో రాయాలి? ఆఫీసులో జీతగాడి సమయం వృథా అయితే దానికి విలువ కట్టే ఆర్థికశాస్త్రం ఉంది. ఇంటి గడపలో కూర్చొని పని చేసే ఆడదాని సమయం ఎవరైనా ఎప్పుడైనా తీసుకోదగ్గదే అనుకోవడం మనకు కొత్త కాదు. కట్టుకున్నవాడు, అత్త, సేటు అయ్యాక ఇప్పుడు ఆ వరసలో ఒక యంత్రం చేరింది.

ఇంకొక సంగతి ఉంది. ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దాదాపు 54 శాతమే. మిగిలిన వాళ్లకు భర్తదో కొడుకుదో ఇంట్లో అందరిదో. గల్ఫ్ కుటుంబాలకు ఒకప్పుడు పి.పి. నంబరు ఉండేది. పక్కింటి షావుకారుకు ఫోను వస్తే ఆమెను కేకేసి పిలిచేవారు, ఆమె అందరి ముందూ నిలబడి మొగుడితో నాలుగు ముక్కలు మాట్లాడి వచ్చేది. ఎస్.టి.డి. బూతు కొంత నయం, అయినా క్యూలో వెనకున్నవాడు వింటూనే ఉండేవాడు. సొంత ఫోను స్త్రీకి మొదటిసారి ఒక చాటు ఇచ్చింది. ఆ చాటు ఎంత పలచనిదో తెలియాలంటే రాత్రి తొమ్మిదిన్నరకు తెలియని నంబరు నుంచి ఆమె ఫోను మోగాలి. ఎవరది అని అత్త అడుగుతుంది. కంపెనీ ఫోను అంటే నమ్మేవాళ్లెంతమంది? దూరాన ఉన్న భర్తకు లైను బిజీగా వినిపిస్తే ఆ అనుమానం ఆ రాత్రితో తీరదు. ఈ నష్టం ఏ ఫిర్యాదు ఫారంలోనూ గడి లేనిది.

నంబరు ఎక్కడినుంచి పోతుందో కూడా చూడాలి. బట్టల కొట్లో లక్కీ డ్రా కూపను, జిరాక్సు సెంటరు, రీచార్జి షాపు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి దుకాణాల నుంచి అమ్మాయిల నంబర్లు అమ్ముడుపోతున్నాయని పత్రికల్లో వచ్చింది. అక్కడ కొన్నవాళ్లు వేధించే మగవాళ్లు, ఇక్కడ కొంటున్నవాళ్లు అప్పులు అమ్మేవాళ్లు. సరుకు ఒకటే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ కాల్స్‌ను నియంత్రించే నిబంధనలన్నీ సమ్మతి చుట్టూ తిరుగుతాయి. 2007లో కాల్ వద్దనుకునేవారి జాతీయ జాబితా మొదలైంది. 2010లో ఒకసారి, 2018లో ఒకసారి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. వీటి పునాది మాత్రం మారలేదు. మీరు వద్దని నమోదు చేసుకోకపోతే, నమోదైన టెలిమార్కెటరు మీకు ఫోను చేయవచ్చు. అంటే మౌనం అంగీకారం. ఈ సూత్రంతో మన ఉద్యమానికి పాత లెక్క ఉంది. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు నిందితులను వదిలేసినప్పుడు, ప్రతిఘటించిన గుర్తులు లేవు కనుక సమ్మతి ఉన్నట్టేనన్న తర్కం మీదనే కదా 1979లో నలుగురు న్యాయాచార్యులు బహిరంగ లేఖ రాసింది, దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చింది, 1983లో చట్టం మారింది. అత్యాచారాన్నీ ఫోను కాల్‌నూ ఒక గాటన కట్టడం లేదు. వద్దని చెప్పే భారాన్ని ఎవరి మీద వేస్తున్నారన్నది రెండు చోట్లా అడగవలసిన ప్రశ్న.

ఆ వద్దని చెప్పే పద్ధతి చూడండి. మామూలు బటన్ల ఫోనున్నవాళ్లు 1909కి ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్టార్ట్ 0’ అని సందేశం పంపాలి. ఆపమని అడగడానికి మొదలుపెట్టు అని రాయాలన్నమాట! 1909కి ఫోను చేసి కూడా చెప్పవచ్చు. అయితే ఆ సంగతి తెలిసినవాళ్లు మన సమావేశాల్లోనే చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

2025 ఫిబ్రవరిలో ట్రాయ్ తెచ్చిన సవరణలు కొన్ని మంచివే. ఫిర్యాదు గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. జాబితాలో నమోదు కానివాళ్లు కూడా నమోదుకాని టెలిమార్కెటర్ల మీద ఫిర్యాదు చేయవచ్చు. పది రోజుల్లో ఒక నంబరు మీద 5 ఫిర్యాదులొస్తే కంపెనీ చర్య తీసుకోవాలి. ఇంతకుముందు వారంలో పది కావలసి వచ్చేది. ఒక గ్రామ సమాఖ్యలో అయిదుగురు స్త్రీలు ఒకే నంబరు మీద ఒకే వారంలో ఫిర్యాదు చేయడం కష్టమేమీ కాదు. సంఘటితంగా చేస్తేనే పనికొచ్చే నిబంధన ఇది. మనకు ఆ అలవాటు ఉంది కూడా.

2024లో ట్రాయ్ ఆదేశాల మీద రెండున్నర లక్షలకు పైగా కనెక్షన్లు కోసేశారు. అదే ఏడాది మోసగాళ్లు ట్రాయ్ పేరుతోనే రికార్డు కాల్స్ చేశారు. మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి అని. పింఛనుకూ బ్యాంకుకూ ఆధార్‌కూ ఒకే నంబరు ముడిపెట్టాక, ఆ నంబరు ఆగిపోతుందంటే వణకని పేదరాలు ఎవరు? నొక్కినవాళ్లను అమాయకులని అనడం అన్యాయం. ఆ భయాన్ని తయారుచేసి పెట్టింది రాజ్యం, మోసగాడు దాన్ని వాడుకున్నాడు.

చట్టంలో ఒక విచిత్రం ఉంది. 2013 సవరణతో వచ్చి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనుగా ఉన్న నిబంధన ప్రకారం, స్త్రీ తన అయిష్టం స్పష్టంగా తెలిపాక కూడా పరిచయం కోసం ఒక మగవాడు పదేపదే ఆమెను సంప్రదించడం నేరం. కంపెనీ అదే పని వందసార్లు చేస్తే అది వాణిజ్య సమాచారం. అప్పుల వసూలుకు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. ఆ మాట చెప్పడానికి ముందు 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లకు, 2020లో లోన్ యాప్‌లకు మన రాష్ట్రాల్లో ఎన్ని ప్రాణాలు పోయాయో మరచిపోలేం.

ఎన్నికల్లో ఇంకో రకం కాల్స్. నాయకుడి గొంతు అక్కాచెల్లెళ్లకు నమస్కారం అంటుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై, 2002లో 51 శాతం ప్రైవేటుపరమై, 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తెరిపిస్తామన్న హామీ ఎన్నికల్లో వినని ఇల్లు అక్కడ లేదు. ఎప్పుడు తెరుస్తావు, బకాయిలెప్పుడిస్తావు అని అడగడానికి ఆ రికార్డు గొంతుకు చెవులు లేవు. వేదికెక్కిన నాయకుణ్ని స్త్రీలు నిలదీయగలరు. సారా ఉద్యమంలో నిలదీశారు కూడా. 1909 జాబితా వ్యాపార కాల్స్ కోసం పెట్టినది, పార్టీల గొంతు దానివల్ల ఆగదు. అమెరికాలో 2024 జనవరిలో న్యూహాంప్‌షైర్ ఓటర్లకు అధ్యక్షుడు బైడెన్ గొంతును కృత్రిమంగా తయారుచేసి కాల్స్ వెళ్లాక, మరుసటి నెలలోనే అక్కడి కమిషన్ సమ్మతి లేని కృత్రిమ గొంతు కాల్స్ చట్టవిరుద్ధమని ప్రకటించింది. రేపు ఇక్కడ గల్ఫ్‌లో ఉన్న భర్త గొంతుతోనే డబ్బు పంపమని ఫోను వస్తే ఆమె ఎలా పోల్చుకుంటుంది?

వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతికి సంబంధించిన సెక్షన్లు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలంటుంది చట్టం. ఆ సమ్మతి అడిగే కాగితం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో కోరుకున్నదానిలో ఇవ్వాలంటుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. బోధన్‌లో ఏ బట్టల షాపు కూపను మీదయినా ఈ మాట అడగడానికి సిద్ధపడవలసింది మనమే.

అడిగే ముందు మన బీరువాలు కూడా తెరవాలి. స్వచ్ఛంద సంస్థల హాజరు పట్టీల్లో పేరు, వయసు, కులం, ఊరు, ఫోను నంబరు, పక్కన సంతకం లేదా వేలిముద్ర ఉంటాయి. నిధులిచ్చేవాళ్లకు రుజువు కోసం ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే పద్ధతి చాలా చోట్ల నడుస్తోంది. గృహహింస కేసులో సలహాకొచ్చిన స్త్రీ నంబరు కూడా అదే పట్టీలో ఉంటే, అది ఎన్ని ఫోన్లలో నిలవ ఉందో ఎవరూ చెప్పలేరు. హాజరుకు సంతకం చాలు. నంబరు కావలసిన చోట, ఎందుకో ఆమెకు చెప్పి, వేరే పుస్తకంలో రాసి, తాళం ఉన్న సొరుగులో పెట్టాలి. ఏ వేళకు ఫోను చేయవచ్చు, ఇంకెవరైనా ఎత్తితే ఏమని చెప్పాలి అని కూడా అదే పుస్తకంలో ఆమె మాటల్లో రాసుకోవాలి.