పాత కెమేరాను పారవేయవలయునా?

మన పాఠశాల కార్యాలయపు బీరువాలో 2005వ సంవత్సరమున కొనిన చిన్న డిజిటల్ కెమేరా యొకటి కలదు. సెల్‌ఫోనులుండగా నిది యేల, పారవేయుడని కొందరు మిత్రులు చెప్పుచున్నారు. మేమట్లు తలంపము. అయినను దాని లోపములను దాచుట న్యాయము కాదు.

దానిలో వెలుతురును గ్రహించు పలక పేరు సి.సి.డి. దీనిని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు కనిపెట్టి, 2009లో నోబెల్ బహుమానమును పొందిరి. మన కెమేరాలోని పలక వెడల్పు 6 మిల్లీమీటర్లకు లోపు. పాత ఫిలిము బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. చిన్న గిన్నెలో కొలది నీరే పట్టును గదా! అందుచే వార్షికోత్సవపు రాత్రి నాటకమును తీసినచో బొమ్మ మసకబారి రంగు చుక్కలతో నిండును. మీట నొక్కిన పిదప కొంచెము తడయును గనుక, పరుగుపందెములో బాలుడు గీత దాటిపోవును, మనకు వట్టి నేలయే చిక్కును. 2 గిగాబైట్లకు మించిన కార్డును అది చదువజాలదు.

ఇక మేలు. పగటి వెలుతురులో నది తీయు బొమ్మలో 50 లక్షల చుక్కలుండును. ఈ సంచికలో నొక పుట నిండ ముద్రించుటకు అవి చాలును. దానికి వలయు రెండు బ్యాటరీలు కిరాణా కొట్టులోనే దొరకును. అంతకంటె ముఖ్యమైనది, దానిలో ఆటలు లేవు, సందేశములు లేవు. బిడ్డల ముఖములు మన యెరుక లేక లోకమునకు పోవు. కావున దానిని విద్యార్థి చేతికి నిర్భయముగా నీయవచ్చును.

అట్లు ఇచ్చినందున కలిగిన ఫలమును మేము చూచితిమి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, గంట కొట్టు మన వృద్ధ బంట్రోతును ఉదయపుటెండలో వరండా మెట్లపై కూర్చుండబెట్టి, వెలుతురు ఎటు పడుచున్నదో చూచి, ఓపికతో నొక్క బొమ్మ తీసెను. మరుసటి యేడు ఆయన గతించెను. ఇంటివారు పటము కొరకు వచ్చినప్పుడు, నవ్వుచున్న ముఖము వారికి దొరకినది అదొక్కటియే. అదియు పాత కార్డులోనే యుండెను. ఆ కార్డు చెడియున్నచో ఏమి చెప్పియుందుము?

కావున మా మనవి యిది: రాత్రి వేడుకలకు ఫోనునే వాడుదము. పగటి పనికి ఈ కెమేరాను పిల్లలకిత్తము. తీసిన బొమ్మలను ప్రతి మాసము రెండు చోట్ల నకలు చేసి భద్రపరతము. పనిముట్టు యొక్క మేర నెరిగినవానికి పాతదియు పనికివచ్చును. ఎరుగనివానికి క్రొత్తదియు వ్యర్థమే.