బాసరలో మన అమ్మాయికి చోటు దొరకునా?



పదవ తరగతి ఫలితములు వెలువడిన దినము మొదలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోని తల్లుల నోట నొకే ప్రశ్న వినవచ్చుచుండును: "అమ్మా, మా పిల్లకు బాసరల సీటొస్తదా?" మా యింటివారు ఉపాధ్యాయులగుటచే మార్కుల కాగితమును చేతబట్టుకొని మా వాకిటికి వచ్చు తల్లులు పలువురు. వారిలో ననేకుల భర్తలు దుబాయి, మస్కటు మొదలగు దూరదేశములకు పనికి పోయినవారు. ఇంటివద్ద బీడీలు చుట్టుచు సంసారము నీడ్చుకొనివచ్చు తల్లియే బిడ్డ చదువును గూర్చి యొంటరిగా నిర్ణయము చేయవలసియున్నది. అట్టి తల్లితో "తప్పక వచ్చును, భయపడకు" మనుటయు ఉపకారము కాదు. "అది మనబోటివారికి కాదులే" యనుటయు ఉపకారము కాదు. అవకాశమును లెక్కవేసికొనుట యెట్లో తెలుపుటయే యుపకారము. ఈ మాసమున ఆ లెక్కను గూర్చి ముచ్చటింతుము.

బాసర యనిన మనకు జ్ఞానసరస్వతీదేవి సన్నిధి. పసిబిడ్డలను గోదావరీతీరమునకు గొనిపోయి యక్షరాభ్యాసము చేయించుట మన యిండ్లలో ననాదియైన యాచారము. ఆ క్షేత్రముననే 2008వ సంవత్సరమున రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. జనులు దానిని ట్రిపుల్ ఐటీ యందురు. నాటి ఉమ్మడి రాష్ట్రమున బాసర, నూజివీడు, ఇడుపులపాయ యను మూడుచోట్ల దీనిని నెలకొల్పిరి. 2014లో రాష్ట్రము విడివడగా బాసర తెలంగాణమునకు వచ్చినది. పల్లెలలోని తెలివిగల బాలబాలికలను పదవ తరగతి ముగియగానే చేర్చుకొని, ఆరేండ్లు అక్కడనే యుంచి, మొదటి రెండేండ్లు ఇంటరుతో సమానమైన చదువును, తక్కిన నాలుగేండ్లు ఇంజనీరింగును నేర్పుట దీని పద్ధతి.

ఈ సౌకర్యము విలువ తెలియవలెనన్న వెనుకటి కాలమును తలచుకొనవలెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడు బోధనాభాష ఉర్దూ. 1931లో సిరిసిల్ల ప్రాంతమందలి హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూలోనే బడిచదువు సాగించి, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. ముగించి, తుదకు సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును, తెలుగు విశ్వవిద్యాలయమునకును ఉపకులపతులైరి. మగపిల్లవానికే అంత ప్రయాసమైన దారి, ఆడుపిల్ల మాట చెప్పనేల? హైదరాబాదున 1924లోనే స్త్రీలకు ప్రత్యేక కళాశాల యేర్పడినను, కోరుట్లనుండి యంతదూరము బిడ్డను పంపగలిగిన యిండ్లెన్ని? నేడు దారి యున్నది. ద్వారము మాత్రము ఇరుకు. ఎంత యిరుకో చూతము.

ఇటీవలి సంవత్సరములలో బాసరయందలి చోట్లు సుమారు 1500. రాష్ట్రమున పదవ తరగతి పరీక్ష వ్రాయువారు సుమారు ఐదు లక్షలు. ఈ రెండంకెలను భాగించి "మూడువందల ముప్పదిమందిలో నొకరికి" అని గుండె జారవిడుచువారు కలరు. ఈ భాగహారము మన ప్రశ్నకు సమాధానము కాదు. ఐదులక్షలమందియు దరఖాస్తు పెట్టరు. పెట్టినవారిలోను అంచుకు చాలదూరమున నున్నవారు మన బిడ్డకు పోటీ కారు. విశ్వవిద్యాలయమువారు చీటీలు వేసి యెన్నుకొనరు, వరుసగా నిలిపి పై నుండి తీసికొందురు. కావున అడుగవలసిన ప్రశ్న "ఎందరు పోటీపడుచున్నారు?" అని కాదు, "మన బిడ్డ నిలుచు వర్గములో, కడపట చోటు దొరకిన బిడ్డకు ఎన్ని వచ్చినవి?" అని.

దీనికి ముందు మరియొక మాట. బాసరకు ప్రత్యేకముగ ప్రవేశపరీక్ష లేదు. పదవ తరగతి ఫలితమే ఆధారము. కరోనా కారణమున పరీక్షలు జరుగని 2021లో మాత్రము పాలిసెట్ ద్వారా ఎన్నిక జరిగినది. కావున ఎవరైన వచ్చి "బాసర సీటునకు శిక్షణ యిప్పింతుము, ఇంత సొమ్ము కట్టుడు" అన్నచో, ఏ పరీక్షకు శిక్షణ యని యడుగవలెను. అట్లే "లోపల మావారున్నారు" అను మధ్యవర్తి మాటకు చెవియొగ్గవలదు. వరుస పట్టిక పై నడచు ఎన్నికలో మధ్యవర్తి చేయగలిగినది మన సొమ్ము తీసికొనుట యొక్కటియే.

ఇక లెక్క. పదవ తరగతికి గ్రేడులు నడచిన కాలమున, అనగా 2024 వరకు, బాసర ఎన్నికలో నొక విశేషముండెడిది. వసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో, జిల్లాపరిషత్తు పాఠశాలలలో చదివిన పిల్లల గ్రేడు సగటునకు 0.4 కలిపెడివారు. ఇంటిపనులు చేసికొని, నడచిపోయి, ట్యూషను లేక చదువుకొనిన పిల్ల కష్టమునకు అది పరిహారము. ఆ చిన్న అంకె చేయు పనిని గమనింపుడు. సిరిసిల్ల మండలములోని యొక మరమగ్గముల కార్మికుని కూతురునకు జిల్లాపరిషత్తు బడిలో 9.7 వచ్చినదనుకొందము. 0.4 కలుపగా 10.1. పట్టణమున రుసుము చెల్లించి చదివిన పిల్లకు పదికి పది వచ్చినను అది 10.0 గానే నిలుచును. ఎక్కువ వచ్చిన పిల్ల వెనుక, తక్కువ వచ్చిన పిల్ల ముందు! 9.6 వచ్చిన సర్కారుబడి పిల్లయు ఆ పదికి సమానురాలగును. ఇది యెరుగక, చేబదులు తెచ్చి తొమ్మిదవ తరగతిలో బిడ్డను ప్రైవేటు బడికి మార్చిన తల్లులు రెండువిధముల నష్టపోయిరి: సొమ్మును పోయెను, ఆ 0.4ను పోయెను.

సమానముగ వచ్చినవారిలో నెవరు ముందు? మొదట గణితమున, పిదప సామాన్యశాస్త్రమున నెక్కువ వచ్చినవారిని ముందుంచెడివారు. అంచున ననేకులు సమానముగ నిలుచుచోట నీ నియమమే నిర్ణయము చేయును. కావున ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో బిడ్డలున్న తల్లులు లెక్కల పుస్తకము నెన్నడును మూలబెట్టనీయరాదు.

2025 నుండి పదవ తరగతి ఫలితములు మార్కుల రూపమున వెలువడుచున్నవి. అందుచే పాత సంవత్సరముల గ్రేడు అంకెలను నేటి మార్కులతో నేరుగా పోల్చరాదు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఏమి కలుపుదురు, ఏ బడులు ఆ లెక్కలోనికి వచ్చును అను విషయములను ఆ సంవత్సరపు ప్రకటనలో అక్షరమక్షరము చదువుకొనవలెను. మనకు చదువ రానిచో బడిలోని ఉపాధ్యాయునిచేత చదివించుకొనుటకు సిగ్గుపడరాదు.

వర్గముల సంగతి యెరుగుట మిక్కిలి యవసరము. కులమునుబట్టి యేర్పరచిన చోట్లు వేరు, స్థానికులకు నిర్ణయించిన చోట్లు వేరు. ప్రతి వర్గమునను మూడవవంతు ఆడుపిల్లలకు. ఈ మూడవవంతును గూర్చి యొక యపోహ కలదు: ఆడుపిల్లలకు అంతవరకే యిత్తురని. అట్లు కాదు. అది తగ్గకూడని మేర గాని మీరకూడని మేర గాదు. మార్కులున్నచో సగమునకు మించియు ఆడుపిల్లలే చేరవచ్చును. ఒక్కొక్క వర్గమునకు కడపటి అంకె వేరువేరుగా నుండును గాన పొరుగింటి పిల్లకు వచ్చిన అంకెతో మన పిల్ల అంకెను పోల్చి సంతోషించుటయు, దుఃఖించుటయు వ్యర్థము.

మన వర్గపు కడపటి అంకెలు తెలిసినపిదప, ఒకే పద్ధతిలో ఎన్నిక జరిగిన రెండు మూడేండ్ల అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. మన బిడ్డ అంకె అన్ని యేండ్ల అంకెలకు పైన నున్నచో ఆశ గట్టిది. కొన్నింటికి పైన, కొన్నింటికి క్రింద నున్నచో సందేహము. అన్నింటికి క్రింద నున్నచో ఆశ అల్పము. ఈ మూడు మాటలకు మించి జోస్యము చెప్పువారిని నమ్మవలదు. "సందేహము" అనగా ఏమి? ఇటువంటి మార్కులు వచ్చిన పదిమంది పిల్లలలో కొందరికి వచ్చును, కొందరికి రాదు. మన పిల్ల యే జాబితాలో నుండునో ముందుగ నెవరును చెప్పలేరు. రానంతమాత్రమున పిల్ల మొద్దు కాదు, వచ్చినంతమాత్రమున బృహస్పతి కాదు.

ఊరి మాటలను గూర్చియు నొక హెచ్చరిక. చేరిన పిల్ల మాట ఊరంతయు వినబడును. బస్టాండులో బొమ్మ వేయుదురు. చేరలేని పిల్లల మాట వారి గడప దాటదు. కావున ఊరిలో విన్న కథలనుబట్టి అవకాశము నూహించినచో అది యున్నదానికంటె పెద్దదిగా తోచును. మరియొక వంక, మొదటి జాబితాలో పేరు లేదని ఏడ్చి కూర్చుండుటయు తగదు. పిలుపు వచ్చినవారిలో కొందరు వేరుచోట చేరుదురు. ఖాళీలు మిగిలినచో తరువాతి విడత పిలుతురు. కుల, ఆదాయ పత్రములను, ఏయే బడులలో చదివినదో తెలుపు పత్రములను ముందే సిద్ధముచేసి పెట్టెలో నుంచుకొనవలెను. కావలసిన దినమున కాగితము లేక చోటు పోగొట్టుకొనుట కన్న వ్యథ వేరు లేదు.

చోటు వచ్చునా యను ప్రశ్నతోపాటు, వచ్చిన పంపవచ్చునా యను ప్రశ్నయు మీ మనస్సున నుండును. పంపవచ్చును, కాని కనులు తెరచి పంపవలెను. 2022 జూనులో అక్కడి విద్యార్థులు సౌకర్యములు కోరి దినములతరబడి ఎండవానలలో కూర్చుండి నిరసన తెలిపిరి. ఆ జూలైలో భోజనము వికటించి పలువురు అస్వస్థులైరి. తెలుగులో చదివిన పిల్లకు ఆంగ్లబోధన మొదటి యేడు కొండవలె తోచును. కావున బిడ్డను చేర్చి మరచిపోరాదు. మాటలాడునపుడు "మార్కులెన్ని?" అని గాక "తిన్నావా, నిద్రపట్టుచున్నదా?" అని ముందుగ నడుగవలెను. కోరుట్ల, జగిత్యాలల మీదుగ నిజామాబాదునకు రైలుదారి యున్నది. అచ్చటినుండి బాసర దగ్గర. సెలవులలో బిడ్డ వచ్చుటకును, మనము పోవుటకును మార్గము కష్టము కాదు.

ఇక చోటు రానిచో? ఒక్క ద్వారమునే నమ్మి మిగిలినవానిని మూసికొనుట వివేకము కాదు. బాసర ఫలితమునకై యెదురుచూచుచునే ఇంటరు దరఖాస్తును, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షను సాగింపవలెను. వ్యవసాయ డిప్లొమాకును ఆ పరీక్షయే మార్గము. ఇంటరు పిదప మన ముంగిటనే ఎన్ని విద్యాలయములు! కొండగట్టు చెంత నాచుపల్లిలో ఇంజనీరింగు కళాశాల, జగిత్యాలప్రక్క పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో ఇంజనీరింగు, వ్యవసాయ కళాశాలలు కలవు. 2022లో జగిత్యాలకును, 2023లో సిరిసిల్లకును వైద్య కళాశాలలు వచ్చినవి. బాసరకు రెండు మార్కులు చాలని పిల్ల వీనిలో నొకదానికి చాలవచ్చును.

సోదరీమణులారా! ఈ లెక్క వేసికొనుటకు గొప్ప చదువు అక్కరలేదు. కట్టకు ఇన్ని బీడీలని, వేయికి ఇంత కూలి యని పొరబడక లెక్కించు చేతికి ఇది కష్టము కాదు. ఈ లెక్కను బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వేయుడు. ఆశ గట్టిదైనచో ధైర్యముగ పంపుడు. అల్పమైనచో నా మాటను మెల్లగా చెప్పి, రెండవ ద్వారమును చూపుడు. ఏది చేసినను, చోటు రాలేదను నెపమున పదునారేండ్ల పిల్ల ముందు బీడీల చాట పెట్టవలదని మా మనవి.