కంప్యూటర్ కూర్పు: పొదుపు ఎక్కడ, దుబారా ఎక్కడ?

"మంచమున్నంతే కాళ్ళు చాచుకోవాలి" అని తెలుగువారంటారు. "జిత్నీ చాదర్ హో ఉత్నే హీ పైర్ ఫైలావో" అని ఉర్దూ సోదరులంటారు. రెండు భాషల విద్యార్థులు ఒకే బల్లమీద కూర్చునే మన కళాశాలకు ఈ రెండు సామెతలూ చెప్పే హితవు ఒక్కటే. స్వల్ప ధనంతో విడిభాగాలు ఎంచుకొని కంప్యూటర్ కూర్చుకొనదలచిన వారికి ఇది శిరోధార్యం. అయితే ఎంత ఖర్చు చేయాలో తెలిస్తే చాలదు; ఎందుకు ఖర్చు చేస్తున్నామో కూడా తెలియాలి.

ఈ పాఠం మేము సొమ్ము చెల్లించి నేర్చుకొన్నాము. మాలో కొందరం చందాలు వేసుకొని, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలు కొన్నాము. ప్రాసెసర్లలో ఐ3-12100 కన్న ఐ3-12100ఎఫ్ చవకగా కనిపించినది. "గ్రాఫిక్స్ కార్డు ఉన్నదా?" అని దుకాణదారు అడిగితే, తెలియదని చెప్పుకొనుటకు నామోషీపడి తల ఊపాము. ఇంటికి వచ్చి అన్నీ బిగించాము. ఫ్యాను తిరిగినది, తెర మాత్రం వెలగలేదు. పేరు చివరి "ఎఫ్" అక్షరానికి అర్థం, ఆ ప్రాసెసర్‌లో తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ భాగం పనిచేయదని. మిగిల్చిన సొమ్ముకు మించి వెచ్చించి చివరకు ఒక కార్డు కొనవలసి వచ్చినది. దోషం దుకాణదారుది కాదు, మా అజ్ఞానానిది.

కనుక ధర అడుగుటకు ముందు, ఈ యంత్రంతో ఏమి పని చేయించెదమని మనలను మనం ప్రశ్నించుకోవాలి. ప్రోగ్రాములు వ్రాయుట, లెక్కలు కట్టుట, ఇటువంటి సంచికకు తెలుగు, ఉర్దూ పుటలు కూర్చుట మన పనులు. వంపులు తిరిగిన నస్తాలీఖ్ లిపికి సైతం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలును. విడి కార్డు అవసరం ఆటలకు, భారీ వీడియో పనులకు, యంత్రాభ్యసన ప్రయోగాలకు. ఆ అవసరం లేనివారు ఆ సొమ్మును మెమరీకి, ఎస్.ఎస్.డి.కి మళ్ళించుట వివేకం. హార్డ్ డిస్కులో పళ్ళెం తిరగాలి, ముల్లు కదలాలి, ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు. అందువల్లనే యంత్రం చప్పున మేల్కొంటుంది. 2025 చివరలో మెమరీ ధరలు బాగా పెరిగినవి. సొమ్ము చాలనివారు ప్రస్తుతానికి 8 జీబీ పలక ఒకటి పెట్టి, రెండవ గూటిని రేపటికి ఖాళీగా ఉంచుకోవచ్చు. డి.డి.ఆర్.4 బోర్డులో డి.డి.ఆర్.5 పలక పట్టదు. ఈ సంగతి బోర్డు కొనేనాడే చూసుకోవాలి.

పొదుపు చేయరాని చోటు ఎస్.ఎం.పి.ఎస్. ఇంటికి పునాది ఎటువంటిదో యంత్రానికి ఇది అటువంటిది. పెట్టెమీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉన్నంత మాత్రాన నమ్మరాదు. దాని చీటీలో 12 వోల్టుల గడి చదవాలి. అక్కడ 36 ఆంపియర్లని ఉంటే, 12తో హెచ్చవేయగా 432 వాట్లు. 14 ఆంపియర్లే ఉంటే 168 వాట్లు మాత్రమే! ప్రాసెసర్‌కు ముఖ్యాహారం ఆ 12 వోల్టుల నుండే అందుతుంది. నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. చెడితే తాను ఒక్కటే చెడక బోర్డును కూడా వెంట తీసుకొని పోగలదు. మరొకవైపు రంగురంగుల దీపాల క్యాబినెట్లకు వేలు పోసే మిత్రులున్నారు. పైన పటారం, లోన లొటారం అనుటకు ఇంతకన్న నిదర్శనం వేరే కావాలా?

పాలకవర్గ పెద్దలకు మా మనవి ఒకటి. కంపెనీ వారి సిద్ధ యంత్రానికి ఒకే బిల్లు, ఒకే వారంటీ ఉంటాయి; మరమ్మతుకు మనిషి వచ్చే సౌకర్యమూ ఉండవచ్చు. కార్యాలయానికి అదే మేలని మేమూ అంగీకరిస్తాము. కాని ప్రయోగశాల కొనుటకే కాదు, నేర్చుకొనుటకు కూడా. ఏటా ఒక్క యంత్రమైనా విడిభాగాలుగా కొనండి. అధ్యాపకుల పర్యవేక్షణలో ఎంపిక విద్యార్థులకు అప్పగించండి. మూడు దుకాణాల కొటేషన్లు తెప్పించి, ప్రతి భాగం ఎందుకు ఎంచుకొన్నామో వ్రాసి మీ ముందుంచెదము. భాగానికొక వారంటీ ఉంటుంది గనుక బిల్లులన్నీ ఒకే ఫైలులో భద్రపరచెదము.

దీనివలన కలిగే లాభం ఒక్క యంత్రంతో ఆగదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. కొత్త విండోస్‌కు పనికిరాని యంత్రాలన్నీ పాత సామానుకు వేయవలసినవి కావు. వాటిలో పెక్కింటికి ఎస్.ఎస్.డి. తగిలించి, లినక్స్ ఎక్కించి మరికొంత కాలం నడుపుకోవచ్చు. మన విద్యార్థులలో ఇంట కంప్యూటర్ లేనివారు ఎందరో మనకు తెలుసు. మూత విప్పి చూచే ధైర్యం మాకు కలిగితే, రేపు మూలపడే యంత్రం అటువంటి ఒక సోదరుని బల్లమీదనో, సోదరి బల్లమీదనో తిరిగి వెలుగుతుంది. తెలియనిది అడుగుటకు నామోషీపడి మేము నష్టపోయాము. మా తరువాతివారు అడిగి, తెలుసుకొని, తమ చేతులతో బిగించి లాభపడాలని మా ఆకాంక్ష.