బతికి బట్టకట్టిన తరువాత

గండం గడిచి ప్రాణాలతో బయటపడ్డవారిని మనం "బతికి బట్టకట్టారు" అంటాం. ఆ నుడికారంలో బతకడం ఒక్కటే లేదు, బట్ట కట్టడం కూడా ఉంది. బతికినవాడికి మర్నాటికి బట్ట కావాలి. దానికి పత్తి పండించేవారు, నూలు వడికేవారు, మగ్గం మీద నేసేవారు కావాలి. ప్రళయం మీద వచ్చిన కథల్లో చాలామటుకు మొదటి సగం దగ్గరే ఆగిపోతాయి. రెండవ సగాన్ని, అంటే బట్ట సంగతిని, పట్టించుకున్న అరుదైన దృశ్యకథ బి.బి.సి. వారి "సర్వైవర్స్". 1975 ఏప్రిల్ నుండి 1977 జూన్ వరకు మూడు శ్రేణులుగా, మొత్తం 38 భాగాలుగా ప్రసారమైన ధారావాహిక ఇది. 2008లో ఇదే పేరుతో దీన్ని మళ్ళీ తీశారు. ఈ రెంటిలో పాతదే గొప్పదని నా అభిప్రాయం. అయితే ఆ పాతదానిలోనూ నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. రెండూ చెబుతాను.

ధారావాహికను సృష్టించినవాడు టెర్రీ నేషన్. "డాక్టర్ హూ" చూసేవారికి డాలెక్కుల సృష్టికర్తగా ఈయన పరిచితుడే. ప్రతి భాగానికి ముందు వచ్చే దృశ్యం ఇది: ముసుగు తొడుక్కున్న ఒక శాస్త్రవేత్త చేతిలోంచి గాజుపాత్ర జారి పగులుతుంది. తరువాత విమానాలు, పాస్‌పోర్టు మీద ఒక్కొక్క నగరం పేరుతో పడే ముద్రలు. అంతే. మహమ్మారి ఎలా పుట్టిందో, ఎలా పాకిందో ఒక్క నిమిషంలో, మాటల్లేకుండా చెప్పేసి చేతులు దులుపుకుంటాడు రచయిత. మొదటి భాగం ముగిసేసరికి దాదాపు అందరూ పోయారు. మిగిలినవారు బహు కొద్దిమంది. ఇక కథంతా వారిదే.

ఆ మొదటి భాగంలో అబీ గ్రాంట్ అనే గృహిణి జబ్బుపడి తేరుకుంటుంది. భర్త పోయాడు. వసతి పాఠశాలలో చదువుకుంటున్న కొడుకు ఏమయ్యాడోనని వెదుక్కుంటూ వెళితే అక్కడ ఒక వృద్ధ ఉపాధ్యాయుడు మాత్రం కనిపిస్తాడు. ఆయన ఆమెను ఓదార్చడు. ఇళ్ళలో, దుకాణాల్లో మిగిలిన వస్తువులు ఒకనాటికి అయిపోతాయని, వాటిని మొదటినుండి తయారుచేయడం మళ్ళీ నేర్చుకోవాలని చెబుతాడు. దీపానికైనా, గొడ్డలికైనా, సూదికైనా అదే సూత్రం. అబీ ఇంటికి తిరిగివచ్చి, జుట్టు కత్తిరించుకుని, భర్త శవం ఉన్న ఆ ఇంటికి నిప్పంటించి బయలుదేరుతుంది. కరొలిన్ సీమోర్ నటన ఇక్కడ చూసి తీరవలసిందే. కన్నీళ్ళు లేవు, కేకలు లేవు, చేయవలసిన పని ఉందంతే.

ఇంత చిన్న ఉపదేశానికి అంత బలం ఎక్కడిదో తెలియాలంటే ఆ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. బొగ్గుగని కార్మికుల ఆందోళన కూడా తోడై, 1974 జనవరి నుండి మార్చి వరకు బ్రిటన్‌లో చాలా పరిశ్రమలకు వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చారు. అంతకుముందు నెలలో టీవీ ప్రసారాలను రాత్రి పదిన్నరకే ఆపేయించారు. కొవ్వొత్తి వెలుగులో కూర్చున్న మధ్యతరగతి కుటుంబానికి "ఈ కొవ్వొత్తి నేను చేయగలనా?" అన్న సందేహం కలిగిన రోజులవి. సొంతంగా పండించుకు తినడం ఎలాగో నేర్పే జాన్ సీమోర్ పుస్తకాలకు ఆదరణ దొరికిందీ అప్పుడే. ఇదే ధోరణిని హాస్యంగా చూపిన "ది గుడ్ లైఫ్" కూడా సరిగ్గా 1975 ఏప్రిల్‌లోనే మొదలైంది. ఒకే భయాన్ని ఒక ఛానెల్ నవ్వుతూ చూపింది, రెండవది నవ్వకుండా చూపింది, అంటే సరిపోయేది గానీ, రెండూ బి.బి.సి.వే!

ఇక అసలు విషయానికి వస్తాను. (కథ ముందే తెలియకూడదనుకునేవారు ఈ పేరా, దీని తరువాతి పేరా దాటవేయగలరు.) మొదటి శ్రేణిలో "లా అండ్ ఆర్డర్" అని ఒక భాగం ఉంది. అప్పటికి అబీ, ఇంజనీరు గ్రెగ్, జెన్నీ మరికొందరితో కలిసి ఒక పాత భవంతిలో స్థిరపడి సేద్యం మొదలుపెట్టారు. ఒక వేడుక జరిగిన రాత్రి వెండీ అనే యువతి హత్యకు గురవుతుంది. అనుమానం బార్నీ మీదికి పోతుంది. బార్నీకి బుద్ధి ఎదగలేదు, తనను తాను సమర్థించుకునే మాట రాదు. పోలీసులు లేరు, న్యాయస్థానం లేదు, చెరసాలలో పెట్టి కూర్చోబెట్టి తిండి పెట్టే స్తోమత లేదు. వెళ్ళగొట్టాలా, చంపాలా అని ఓట్లు వేసుకుంటారు. చంపాలని తేలుతుంది. ఆ పని గ్రెగ్ మీద పడుతుంది, చేస్తాడు.

తరువాత తెలుస్తుంది, హంతకుడు బార్నీ కాదు, టామ్ ప్రైస్ అని. అది తెలిసినవారు గ్రెగ్, అబీ. వారు ఏం చేశారు? మిగిలినవారికి చెప్పలేదు. పని చేయగల ఇంకొక మనిషిని పోగొట్టుకోలేమన్నది లెక్క. రెండు చేతుల బలం ఒక నేరాన్ని కప్పేసింది. మర్నాడు అందరూ ఎప్పటిలాగే పొలానికి పోతారు, వారితో పాటు టామ్ ప్రైస్ కూడా.

నన్ను ఈ ధారావాహికకు కట్టిపడేసింది ఈ యాభై నిమిషాలే. శవాల గుట్టలు చూపి భయపెట్టడం తేలిక. మనకు నచ్చిన ఇద్దరు మంచివాళ్ళు, తమ చేతులారా ఒక అమాయకుణ్ణి చంపి, చంపవలసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినడం చూపించడం కష్టం. న్యాయం అనేది తీరిక ఉన్న సమాజం చేసుకునే ఏర్పాటా? తిండిగింజలు లెక్కపెట్టుకునే చోట దానికి స్థానం లేదా? రచయిత జవాబు చెప్పడు. కానీ ఒకటి గమనించండి. బార్నీ కూడా పని చేయగలవాడే. అతని చేతులను లెక్కలో ఎందుకు వేయలేదు? ఎవరి పని పనిగా కనిపిస్తుందో, ఎవరి ప్రాణం భారంగా కనిపిస్తుందో ఆ ఓటింగులోనే తేలిపోయింది. ప్రపంచం కూలిపోయినా ఆ తక్కెడ మాత్రం కూలలేదు.

నాకు మింగుడుపడనిదీ ఈ తక్కెడతో ముడిపడినదే. కథలో నిర్ణయాలు తీసుకునేవారు అబీ, గ్రెగ్, రెండవ శ్రేణి నుండి చార్లెస్ వాన్. అందరూ చదువుకున్నవారు, ఒద్దికగా మాట్లాడేవారు. టామ్ ప్రైస్ వేల్స్ యాసలో మాట్లాడే దేశదిమ్మరి, అబద్ధాలకోరు, చివరికి హంతకుడు. తుపాకులు పట్టిన మనుషులను వెంటేసుకుని "ప్రభుత్వం నేనే" అని ఊరేగే ఆర్థర్ వర్మ్‌లీ పూర్వాశ్రమంలో కార్మిక సంఘ నాయకుడు. అంటే పేదవాడు నేరస్తుడు, కార్మిక నాయకుడు నియంత, నాగరికత బరువు మోసేది మాత్రం మధ్యతరగతి! 1974లో కరెంటు పోయిన చీకట్లో ఆ తరగతి ఎవరిని చూసి జడుసుకుందో ఈ పాత్రల కూర్పు చెబుతోంది. మొదటినుండి వస్తువులు తయారుచేయడం నేర్చుకోవాలని మొదటి భాగంలోనే చెప్పిన కథ, అంతకుముందు ఆ వస్తువులను నిజంగా తయారుచేస్తూ ఉండిన కార్మికుణ్ణి నాయకస్థానంలో ఊహించలేకపోవడం విచిత్రం.

ఈ లోపాన్ని ఒప్పుకుంటూనే, పాత ధారావాహిక తన ప్రశ్నను చివరిదాకా వదల్లేదని అంటాను. నేషన్ మొదటి శ్రేణితోనే నిర్మాత టెరెన్స్ డడ్లీతో అభిప్రాయభేదాలు వచ్చి తప్పుకున్నాడు. అబీ పాత్ర కూడా అక్కడితోనే ముగిసింది. అయినా రెండవ శ్రేణిలో వారు భవంతి వదిలి వ్యవసాయ క్షేత్రానికి చేరారు. ఎలుకలు ఏలుతున్న లండన్‌లో మిగిలిన సుమారు 500 మంది కథ వచ్చింది. మూడవ శ్రేణిలో రైలింజను, వస్తుమార్పిడి, మళ్ళీ నోట్లు అచ్చువేసే ప్రయత్నం, చివరి భాగంలో స్కాట్లాండ్ జలవిద్యుత్తు. వేగం తక్కువే, అక్కడక్కడ విసుగు పుడుతుంది కూడా. కానీ నాగలి నుండి నాణెం వరకు, నాణెం నుండి కరెంటు వరకు ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి "దీన్ని ఎవరు చేస్తారు, ఎవరి అధీనంలో ఉంటుంది?" అని అడుగుతూ పోయిన కథ ఇంకొకటి నేను చూడలేదు.

2008 నవంబరులో ఏడ్రియన్ హాడ్జెస్ ఆధ్వర్యంలో మొదలైన కొత్త రూపానికి హంగులు ఎక్కువ. జూలీ గ్రాహమ్ అబీగా బాగా చేసింది. పదకొండేళ్ళ నజీద్ వంటి పాత్రలతో ఆధునిక బ్రిటన్ ముఖం కనిపించింది. ఇది మెచ్చుకోదగ్గ మార్పు. కానీ కథ త్వరలోనే దారి మారింది. రహస్య ప్రయోగశాల, దానిలో దాగిన శాస్త్రవేత్తలు, జబ్బు నుండి కోలుకున్న అబీ రక్తం కోసం వేట, ఔషధ సంస్థ కుట్ర. పాతదానిలో ఒక్క నిమిషం ముఖచిత్రంగా ఉన్నది ఇక్కడ కథ అంతటినీ ఆక్రమించింది. బట్ట ఎవరు నేస్తారన్న ప్రశ్న పోయి, విషం ఎవరు పెట్టారన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. 12 భాగాలతో, ఒక ఉత్కంఠ దగ్గర 2010లో అది ఆగిపోయింది. దోషి దొరికితే ముగిసే కథ అది. ఎలా బతకాలన్న కథకు అలాంటి ముగింపు ఉండదు.

కారణం వెదకడం వ్యర్థమని నేననను. ధారావాహిక ముగిసిన మరుసటి ఏడే, 1978లో, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మశూచి ప్రయోగశాల ఉన్న భవనంలోనే పనిచేసే ఒక ఛాయాచిత్రకారిణి ఆ వ్యాధి సోకి మరణించింది. పగిలిన గాజుపాత్ర కేవలం కల్పన కాదు, విచారణ జరగవలసిందే. కాని 2020 తరువాత మనం చూసినదేమిటి? కోవిడ్ ఎక్కడ పుట్టిందన్న వాదనకు దొరికినంత చోటు, ఆ మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక పనీ బండీ లేక వందల మైళ్ళు నడిచిపోయిన వలస కూలీలకు రేపు ఏమిటన్న చర్చకు దొరికిందా? అత్యవసర సేవలంటే ఏవో, వాటిని చేసేవారెవరో ఆ కొద్ది నెలలు అందరికీ కళ్ళకు కట్టింది. పాకీపని చేసేవారికి దండలు వేశాం, చప్పట్లు కొట్టాం. ఆ తరువాత జీతాల తక్కెడ ఎటు మొగ్గిందో మీకు తెలియనిది కాదు.

ఇక్కడే ఈ బ్రిటిష్ కథ తెలుగువాడికి ఇంకొక మాట చెబుతుంది. అబీ వెదుక్కుంటూ పోయిన ఆ విద్యలు వాళ్ళ దేశంలో యంత్రాలు వచ్చి మరుగునపడ్డాయి. మన దగ్గర అవి పూర్తిగా పోలేదు. కుమ్మరికి, కమ్మరికి, సాలెకు, మాదిగకు ఇంకా ఎంతో కొంత తెలుసు. పోయింది, అసలు ఎన్నడూ లేనిది, ఆ విద్యకు దక్కవలసిన గౌరవం. చెప్పు కుట్టినవాణ్ణి గడప దాటనివ్వని ఊళ్ళు మనవి. రేపు అటువంటి విపత్తే వచ్చి, పది మంది మిగిలి, కూర్చుని ఓట్లు వేసుకోవలసి వస్తే, నాగలి కర్రు సాగదీయగలవాడు ఆ సభలో ఎక్కడ కూర్చుంటాడు? అతని మీద అనుమానం వస్తే అతను బార్నీ అవుతాడా, టామ్ ప్రైస్ అవుతాడా?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మహమ్మారి వచ్చేదాకా ఆగనక్కర లేదు. మన ఊళ్ళో ఇప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తే చాలు. వీలైతే పాత "సర్వైవర్స్" చూడండి. ఆ నెమ్మది నడకను ఓర్చుకుని "లా అండ్ ఆర్డర్" భాగం దాకా వెళ్ళండి. గ్రెగ్, అబీ చేసింది సబబేనంటారా? నేననను. వేరే దారి ఏముందో మాత్రం మీరూ ఆలోచించి చెప్పండి.