నిమిషానికి 19 లక్షలు



పొద్దున్నే పొలానికి బయల్దేరిన పెద్దాయన మూతి వంకరపోయి, మాట ముద్దకట్టి, గడప దగ్గరే కూలబడడం మీలో ఎందరో చూసే ఉంటారు. పక్షవాతమన్నాం, ఆసుపత్రికి మోశాం. మంచాన పడ్డాక ముద్ద కలిపి నోట్లో పెట్టాం. ఆ తల లోపల ఏం జరిగిందో అడిగామా?

అడగండి! ఎక్కువమందిలో నెత్తురుగడ్డ మెదడు నాళానికి అడ్డం పడుతుంది. ప్రాణవాయువు, గ్లూకోజు అందవు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ నిమిషాల్లో అడుగంటుతుంది. సోడియాన్ని బయటికి తోడే యంత్రాంగం ఆగుతుంది. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే గ్లుటమేట్ గట్టు తెగుతుంది, కాల్షియం లోపలికి వరదెత్తుతుంది, కణం తన ఎంజైములకే బలవుతుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయి.

ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కనిపెట్టాడు. అదే ఏడు, లోమన్‌తో సంబంధం లేకుండా, హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్కెతో కలిసి దాన్ని పట్టుకున్నవాడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కని కుర్రాడాయన! కణం దేనితో బతుకుతుందో ఆయన చూపాడు. అది అడుగంటే వేళ కణాన్ని నిలబెట్టే దారి మీరు చూపాలి.

తేలికని చెప్పను. ఈ జబ్బుకు పరిశోధకులు పరీక్షించిన చికిత్సలు 1,026 అని 2006లో లెక్క తేలింది. మనుషుల దాకా వచ్చినవి 114. ఎలుకను కాపాడిన మందులెన్నో మనిషి దగ్గర ఓడిపోయాయి. ఎందుకు ఓడాయన్నదే మీ కోసం మిగిలిన ప్రశ్న.

ఓపిక పడితే ఫలితం ఉంటుంది. 1976లో పారిస్‌లో ఒక్క రోగి దగ్గర మొదలుపెట్టి, అతని కుటుంబాన్ని వదలకుండా పరిశీలించిన నాడీవైద్యురాలు బూసెర్ బృందం, వంశపారంపర్యంగా వచ్చే ఒక పక్షవాతానికి మూలం నాచ్3 జన్యువులో ఉందని 1996లో తేల్చింది. ఇరవై ఏళ్ళు!

మెడికల్ సీటు రాలేదని కుమిలిపోతున్నారా? జీవరసాయనం చదవండి, జన్యుశాస్త్రం చదవండి. ప్రయోగం చెడితే దాచకండి, చెడిందని రాసిపెట్టండి. తర్వాత వచ్చేవాడికి అదే దారి దీపం.

గడప దగ్గర కూలిన ఆ పెద్దాయన తన ముద్ద తానే కలుపుకొని తినే రోజు రావాలి. ఆ రోజు మీ చేతుల్లో ఉంది. ప్రయోగశాల తలుపు తోసుకొని లోపలికి రండి!