ఆడపిల్ల భుజానికి సరిపడే రైఫిల్

సాయుధ పోరాట కాలంలో (1946-51) జనగామ ప్రాంతపు స్త్రీలు దొరల దౌర్జన్యాన్ని ఎదిరించారు. తెలంగాణలో స్త్రీలు తుపాకీ పట్టడం కొత్త కాదు. నేటి ప్రశ్న వేరు. ఆటగా, క్రమశిక్షణగా గురి నేర్చుకునే అవకాశం మన ఆడపిల్లలకు ఉందా?

ఎన్‌సీసీలో బాలికల విభాగం 1949లోనే మొదలైంది. అక్కడ పిల్లలు పేల్చేది పాయింట్ 22 రైఫిల్. తూటా చిన్నది, భుజానికి తగిలే దెబ్బ తక్కువ. కానీ తుపాకీ మడమ పెద్దవాళ్ల కొలతకు ఉంటే చిన్నపిల్ల మెడ సాగదీసి, నడుం వెనక్కి వంచి గురి చూడాలి. గురి తప్పితే 'ఆడపిల్ల కదా' అంటారు. లోపం పిల్లలో లేదు, కొలతలో ఉంది.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లల సంగతేమిటి? 21 ఏళ్లు నిండనిదే సొంత తుపాకీ ఉండరాదని చట్టం. శిక్షణకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి పేదింటి పిల్లకు బడి, కాలేజీలే దిక్కు.

మడమ పొడవు మార్చుకునే రైఫిళ్లు, చెవులకూ కళ్లకూ రక్షణ, పక్కన ఒక శిక్షకురాలు: ఇవి అడుగుదాం. ఇది దయ కాదు, హక్కు.